ఏటీవీ ఆయిల్ కక్కుతోందా? బోర్ విప్పే ముందు నీళ్ల ట్యూబుతో ప్రెషర్ కొలిచి చూడండి

శంకర్‌పల్లి దాటి వికారాబాద్ వైపు వెళ్తుంటే ఎన్ని ఫామ్‌హౌస్‌లు, రిసార్టులు కనిపిస్తాయో, షెడ్ల కింద ఏటీవీలు (ఎగుడుదిగుడు నేల మీద తోలే నాలుగు చక్రాల బండ్లు) కూడా దాదాపు అన్నే కనిపిస్తాయి. శని, ఆదివారాల్లో వాటిని ఎర్రమట్టిలో ఉతికి ఆరేస్తారు, మిగతా వారమంతా వాటి మొహం చూసేవాడు ఉండడు. వీటిలో చాలావరకు 110, 125 సీసీ చైనా ఇంజిన్లే. ట్యాంకు మీద స్టిక్కర్ ఏదైనా ఉండనీ, లోపల ఉండేది మనకు ఎప్పటినుంచో తెలిసిన పడుకున్న సిలిండరే. స్ప్లెండర్‌లో బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 50 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ ఎక్కి దిగే దూరం) 49.5. ఈ 110ల్లో బోర్ 52.4, స్ట్రోక్ అదే 49.5. లెక్క కడితే 107 సీసీ వస్తుంది.

అందుకే ఏ ఊళ్లోనైనా బైక్ మెకానిక్‌కి వీటి మీద చేయి పెట్టడానికి భయం ఉండదు. మంచిదే. కానీ రోడ్డు మీద తిరిగే బైకులో అరుదుగా కనిపించే ఒక తలనొప్పి ఈ బండ్లకు తరచూ వస్తుంది, అదే క్రాంక్ చాంబర్‌లో, అంటే పిస్టన్ కింద క్రాంక్, ఆయిల్ ఉండే గదిలో, ప్రెషర్ పెరిగిపోవడం. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నిండా ఆయిల్, డిప్‌స్టిక్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) దగ్గర తడి, ముందు చైన్ చక్రం వెనక ఆయిల్ సీల్ నుంచి కారడం, సైలెన్సర్‌లో నీలం పొగ, ఇవన్నీ ఒకటొకటిగానో మూకుమ్మడిగానో మొదలవుతాయి. షాపుకి తీసుకెళ్తే తీర్పు మాత్రం ఒకటే ఉంటుంది: "బ్యాక్ కంప్రెషన్ కొడుతోందన్నా, బోర్ ఖతం." అంటే పిస్టన్ రింగులు, సిలిండర్ గోడ అరిగి మంట గాలి చాంబర్‌లోకి దిగుతోందని.

బోర్ పోయి ఉండొచ్చు, కాదనను. కానీ ఆ మాట చెప్పడానికి ముందు ఎవరూ ఏదీ కొలవరు, బ్రీదర్ పైపు (చాంబర్ గాలి బయటికి పోయే గొట్టం) దగ్గర చేయి పెట్టి "చూడు, గాలి ఎలా కొడుతోందో" అంటారు అంతే. సింగిల్ సిలిండర్ ఇంజిన్‌లో ఆ గాలి కొట్టాల్సిందే! కొత్త బండి దగ్గర చేయి పెట్టినా కొడుతుంది. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ దాని కింద ఉన్న 107 సీసీ గాలి ఎక్కడికో ఒక చోటికి పోవాలి కదా, పైకి వెళ్లినప్పుడు మళ్లీ అంత చోటూ ఖాళీ అవుతుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర ఇది సెకనుకు 100 సార్లు జరుగుతుంది. నాలుగు సిలిండర్ల కారు ఇంజిన్‌లో రెండు పిస్టన్లు దిగుతుంటే రెండు ఎక్కుతాయి కాబట్టి లోపల ఒకదాని గాలి ఇంకోదాని కిందికి సర్దుకుంటుంది. సింగిల్‌కి ఆ సౌకర్యం లేదు, చాంబర్ మొత్తం సైకిల్ పంపులాగే పని చేస్తుంది.

అందుకని గో-కార్ట్‌లకు వేసే జెనరేటర్ రకం ఇంజిన్లు, మరికొన్ని చిన్న ఇంజిన్లలో బ్రీదర్ దారిలో ఒక పల్చటి స్టీలు రేకు పెడతారు, రీడ్ వాల్వ్ అంటారు. పిస్టన్ దిగేటప్పుడు అది తెరుచుకుని గాలిని బయటికి వదులుతుంది, ఎక్కేటప్పుడు మూసుకుంటుంది. దాంతో చాంబర్‌లో సగటున బయటి గాలి కంటే కొంచెం తక్కువ ప్రెషర్, అంటే చిన్న వాక్యూమ్ నిలుస్తుంది. సీళ్లు, ప్యాకింగ్‌లు లోపలి ఆయిల్‌ని పట్టి ఉంచడంలో ఆ వాక్యూమ్ పాత్ర చాలా పెద్దది. స్ప్లెండర్ తరహా పడుకున్న ఇంజిన్లలో చాలావాటికి ఆ రేకు ఉండదు. చాంబర్ పైన మలుపులు తిరిగిన ఒక గది, అక్కడి నుంచి రబ్బరు పైపు, అంతే. వాటిలో సగటు ప్రెషర్ సున్నాకి దగ్గరగా ఉంటుంది. మీ ఇంజిన్ ఈ రెండిట్లో ఏ రకమో ముందు తెలుసుకోండి, లేకపోతే తర్వాత కొలిచే అంకెకు అర్థం ఉండదు.

ఇక అసలు పని. అన్నిటికంటే ముందు ఆయిల్ చూడండి. ఈ ఇంజిన్లకు పట్టేది సుమారు 800 నుంచి 900 మిల్లీలీటర్లు. లీటరు సీసా కొని "మిగిలింది ఏం చేసుకుంటాంలే" అని మొత్తం పోసేసేవాళ్లు బోలెడు మంది. లెవెల్ ఎక్కువైతే క్రాంక్ ఆ ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగ బ్రీదర్ దారి పట్టి ఎయిర్ ఫిల్టర్‌లోకి పోతుంది. డిప్‌స్టిక్‌ని మర బిగించకుండా ఊరికే ఆనించి చూడాలి, బండి చదునైన చోట ఉండాలి, ఇంజిన్ ఆపాక కాసేపు ఆగాలి. తర్వాత స్టిక్‌ని వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తూ ఆయిల్ నీళ్లలా పల్చగా జారుతుంటే కార్బురేటర్ నీడిల్ (లోపలికి వచ్చే పెట్రోల్‌ని ఆపే సూది) సరిగ్గా మూసుకోవడం లేదన్నమాట. వారమంతా షెడ్డులో నిలబడే బండికి పెట్రోల్ కాక్ ఆపకపోతే ట్యాంకులోంచి చుక్కచుక్కగా దిగి సిలిండర్ గుండా చాంబర్‌లోకి చేరుతుంది. పోసిన దానికంటే ఆయిల్ ఎక్కువ కనిపిస్తే సంతోషపడకండి. ఆ పల్చటి ఆయిల్‌తో ఒక్క ఆదివారం తిప్పినా బేరింగులు పాడైపోతాయి. నీడిల్ మార్చి, ఆయిల్ మార్చి, అప్పుడు మళ్లీ చూడాలి.

తర్వాత బ్రీదర్ పైపు. ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, ఎందుకంటే నేను చూసినంతలో ఎక్కువ బండ్ల గుట్టు ఇక్కడే దొరికింది. ఒక రిసార్టు బండి, అప్పటికే ప్యాకింగ్ సెట్టు కొనేశారు, ఇంజిన్ దింపడానికి పానాలు పట్టుకుని కూర్చున్నారు. ఆ బండిలో బ్రీదర్ పైపుని ఎవరో ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి పీకేసి, ఫిల్టర్ పాడవకుండా ఉంటుందని కిందికి వదిలేశారు. కిందికి అంటే ఫుట్‌రెస్ట్ దాకా. వానాకాలంలో బురద గుంటల్లో తోలినప్పుడు ఆ చివర ఎర్రమట్టి పట్టి, ఎండాక ఇటుక ముక్కలా బిగిసిపోయింది. పైపు పీకి నోటితో ఊదితే గాలి అవతలికి పోలేదు. సన్నటి ఇనప కడ్డీ ముక్కతో పొడిచి, పెట్రోల్‌తో కడిగి, పైపుని సీటు కింద దాకా పైకి తిప్పి కట్టాం. పొగ ఆ రోజు పోలేదు (సైలెన్సర్‌లో పట్టిన ఆయిల్ కాలిపోవాలి కదా) కానీ డిప్‌స్టిక్ దగ్గర కక్కడం అప్పటికప్పుడే ఆగింది. ప్యాకింగ్ సెట్టు ఇంకా వాళ్ల షెడ్డులోనే ఉంది.

మట్టి ఒక్కటే కాదు. కదలని బండ్ల పైపుల్లో కందిరీగలు మట్టి గూళ్లు పెడతాయి. సీటు బిగించినప్పుడు పైపు దాని కింద నలిగి మడత పడుతుంది. పాత రబ్బరు లోపలి పొర ఊడి, పైకి బాగానే కనిపిస్తూ లోపల మూసుకుపోతుంది. కాబట్టి చూపుతో సరిపెట్టుకోకుండా విప్పి ఊదాల్సిందే. మంచు పడే దేశాల్లో ఉండి ఇంటి ముందు మంచు తోయడానికి ఏటీవీ వాడే మనవాళ్లకైతే ఇంకో రకం ఉంది: ఇంజిన్ ఆవిరిలోని తడి ఆ పైపులోనే గడ్డకట్టి బిరడా అవుతుంది. గ్యారేజీలోకి తెచ్చేసరికి కరిగిపోతుంది, ఆయిల్ సీల్ మాత్రం అప్పటికే బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, దోషి ఎవరో ఎంత వెతికినా దొరకదు.

పైపు బాగుంది, ఆయిల్ బాగుంది, అయినా కక్కుతోంది. ఇప్పుడు కొలవాలి. గేజీలు కొననక్కర్లేదు, మేస్త్రీలు లెవెల్ చూసుకునే ఆ తెల్లటి ప్లాస్టిక్ ట్యూబు ఉంటుంది కదా, అది రెండు మీటర్లు చాలు. ఒక చెక్క పలక మీద దాన్ని యూ ఆకారంలో వంచి కట్టి, సగం వరకు నీళ్లు పోయండి, కొంచెం రంగు కలిపితే కనపడుతుంది. ఒక కొస గాలికి వదిలేయండి. రెండో కొసని ఒక రబ్బరు బిరడాకి రంధ్రం చేసి దూర్చి, ఆ బిరడాని డిప్‌స్టిక్ రంధ్రంలో గాలి పోకుండా బిగించండి. ట్యూబుకి ఇంజిన్ వైపు ఒక క్లిప్పు పెట్టి ముందే నొక్కేయండి. ఇంజిన్ స్టార్ట్ చేసి, వేడెక్కనిచ్చి, రేసులో నిలబెట్టి, అప్పుడు క్లిప్పు మెల్లగా వదలాలి. ఆపేటప్పుడు కూడా ముందు క్లిప్పు నొక్కి తర్వాతే ఇంజిన్ ఆపాలి, లేకపోతే నీళ్లు లోపలికి పోతాయి. సింగిల్ కాబట్టి నీళ్లు గంతులు వేస్తాయి, అంకె చదవడం కుదరదు. దానికి నేను చేసేది ఏమిటంటే పాత కార్బురేటర్ స్లో జెట్ ఒకటి ట్యూబు లోపల దూర్చేస్తాను. ఆ సన్నటి రంధ్రం గుండా వెళ్లేసరికి గంతులు తగ్గి నీళ్లు ఒక చోట నిలబడతాయి.

రెండు కొసల మధ్య తేడాని కొలవండి. ఒకవైపు 5 సెంటీమీటర్లు ఎక్కి ఇంకోవైపు 5 దిగితే లెక్క 10. రీడ్ వాల్వ్ ఉన్న ఇంజిన్లకు కోహ్లర్ కంపెనీ సర్వీసు మాన్యువళ్లలో ఇచ్చిన కొలత, లోడు లేకుండా ఎక్కువ రేసులో కనీసం 10.2 సెంటీమీటర్ల నీటి వాక్యూమ్. అంటే నీళ్లు ఇంజిన్ వైపు లాగాలి. రేకు విరిగినా, దాని కింద కార్బన్ పలుకు ఇరుక్కున్నా ఈ వాక్యూమ్ రాదు. చాలావాటిలో ఆ రేకు టాపెట్ కవర్ (వాల్వుల మీది మూత) లోపల గానీ, బ్లాక్ పక్కన చిన్న మూత కింద గానీ ఉంటుంది, రెండు మూడు బోల్టుల పని. రేకు లేని మన పడుకున్న ఇంజిన్లలో నీళ్లు అటూ ఇటూ కొద్దిగా ఊగి సున్నా చుట్టుపక్కల ఉండాలి. రేసు పెంచిన కొద్దీ నీళ్లు బయటి వైపు తోసుకుపోతుంటే ప్రెషర్ నిజంగానే ఉంది. అప్పుడు ఇంజిన్ తిరుగుతుండగానే బ్రీదర్ పైపుని చాంబర్ దగ్గర పీకేయండి. నీళ్లు వెంటనే వెనక్కి వస్తే తప్పు పైపుదో ఎయిర్ బాక్సుదో. పీకినా అలాగే తోస్తుంటే గాలి లోపల పుడుతోంది.

ఇక్కడ ఒక మాట. ఒకే రకం బండ్లు నాలుగైదు ఉన్న రిసార్టు అయితే మాన్యువల్ కూడా అక్కర్లేదు, బాగున్న బండికి ఇదే ట్యూబు పెట్టి చూసి, ఆ అంకెతో పోల్చుకుంటే చాలు.

గాలి లోపలే పుడుతోందని తేలాక కూడా బోర్ మీద నింద వేయడానికి తొందర వద్దు. ఈ ఇంజిన్లలో కామ్ చైన్ (వాల్వులను నడిపే చైన్) సిలిండర్ ఎడమ పక్క సొరంగంలోంచి వెళ్తుంది. ఆ సొరంగానికీ సిలిండర్‌కీ మధ్య హెడ్ ప్యాకింగ్ చాలా సన్నగా ఉంటుంది. బండి బాగా వేడెక్కినా, హెడ్ నట్లు వదులైనా ప్యాకింగ్ అక్కడే కాలుతుంది. బయటికి ఒక్క చుక్క ఆయిల్ కారదు, చప్పుడు రాదు. మంట గాలి సిలిండర్‌లోంచి నేరుగా సొరంగంలోకి, అక్కడి నుంచి చాంబర్‌లోకి పోతుంది. రింగులు పోయినప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంటుంది. షాపులో బోర్ చేయిస్తే ఎలాగూ కొత్త హెడ్ ప్యాకింగ్ వేస్తారు, రోగం కుదురుతుంది, పేరు బోర్‌కి వస్తుంది! కొంతమంది మంచి మెకానిక్‌లకు కూడా ఈ సంగతి తట్టకపోవడానికి కారణం ఇదే అనుకుంటాను.

రెండిటినీ విడదీయాలంటే సిలిండర్‌లోకి గాలి కొట్టాలి. ఈ ఇంజిన్ల ప్లగ్ త్రెడ్ 10 మిల్లీమీటర్లు. పాత ప్లగ్‌లో పింగాణీ పగలగొట్టి తీసేసి, దానికి టైరులో గాలి కొట్టే ఇనప వాల్వ్ ఒకటి అతికించి, లోపలి పిన్ను తీసేస్తే పంక్చర్ షాపు కంప్రెసర్ గొట్టం పట్టుకుంటుంది. మాగ్నెట్ (క్రాంక్ కొసన తిరిగే చక్రం) మీద 'టీ' గుర్తు దగ్గర, అంటే పిస్టన్ పైకొసన, రెండు టాపెట్లూ వదులుగా ఆడే, అంటే రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో పెట్టి, 30, 40 పీఎస్ఐ కొట్టి చెవి పెట్టి వినండి. వినడానికి అది చాలు. ఇంజిన్ తిరిగిపోకుండా మాగ్నెట్ నట్‌కి పానా పెట్టి ఒకరు గట్టిగా పట్టుకోవాలి. సెమీ ఆటోమేటిక్ ఏటీవీల్లో ఆగి ఉన్నప్పుడు క్లచ్ పట్టదు కాబట్టి గేరు వేస్తే ఆగుతుందని నమ్మకండి, వేళ్లు జాగ్రత్త.

సైలెన్సర్‌లో బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వ్, కార్బురేటర్‌లో అయితే ఇన్‌లెట్ వాల్వ్. ఈ రెండూ కంప్రెషన్ తగ్గిస్తాయి, చాంబర్ ప్రెషర్ మాత్రం పెంచవు. బండి లాగడం లేదు, నీళ్ల ట్యూబు మాత్రం బాగుందని చెబుతోంది అంటే వాల్వుల వైపు వెళ్లండి. డిప్‌స్టిక్ రంధ్రంలో బుస్సుమంటే రింగులు లేదా ఆ సన్నటి ప్యాకింగ్. ఇప్పుడు టాపెట్ మూత తీసి అక్కడ చెవి పెట్టండి. చప్పుడు కింద కంటే పైనే గట్టిగా ఉంటే నేనైతే ముందు హెడ్ ఒక్కటే విప్పుతాను, సిలిండర్ జోలికి పోను. ప్యాకింగ్ మీద నల్లటి చార కనిపిస్తే ఇక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

చాలామంది సిలిండర్‌లో చెంచాడు ఆయిల్ పోసి కంప్రెషన్ గేజీ పెట్టి చూస్తారు, పెరిగితే రింగులు అని లెక్క. నిలువు సిలిండర్‌కి అది మంచి పరీక్షే. మన ఇంజిన్ పడుకుని ఉంటుంది, పోసిన ఆయిల్ కింది గోడ మీద మడుగు కడుతుంది, పై సగం రింగుకి అందనే అందదు. ఆయిల్ పోశాక కిక్ నెమ్మదిగా పదిసార్లు తిప్పి, మొత్తం పూసుకున్నాకే గేజీ చూడాలి. అప్పటికీ నేను దీన్ని సగమే నమ్ముతాను. ఇక జెనరేటర్ రకం ఇంజిన్లలో స్టార్టింగ్ తేలిక కావడానికి డీకంప్రెషన్ (తిప్పేటప్పుడు సిలిండర్ గాలిని కొంత వదిలేసే ఏర్పాటు) పెట్టి ఉంటుంది, వాటిలో గేజీ ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, ఆ అంకె చూసి టెన్షన్ పడి ఇంజిన్ విప్పొద్దు.

నిజంగానే రింగులు పోయిన బండిని పట్టుకోవడం తేలిక, ఎందుకంటే దాని కారణం కూడా పక్కనే ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ తీసి, దాని వెనక, అంటే శుభ్రమైన గాలి ఉండాల్సిన వైపు, కార్బురేటర్ గొట్టంలో వేలు పెట్టి తిప్పండి. వేలికి సన్నటి ఎర్ర పొడి అంటుకుంటే కథ అర్థమైనట్టే. ఒకదాని వెనక ఒకటి బండ్లు వెళ్లే ట్రాక్‌లో వెనక బండి తినేదంతా ముందు బండి లేపిన దుమ్మే. స్పాంజి ఫిల్టర్ ఎండకి పొడి పొడి అయిపోతుంది, లేదా ఎవరో కడిగి ఆయిల్ పూయకుండా పొడిగానే పెట్టేస్తారు. ఆ దుమ్ము పిస్టన్‌కీ బోర్‌కీ మధ్య గరుకు కాగితంలా రాస్తుంది. అప్పుడు బోర్ చేయించండి, అభ్యంతరం లేదు, కానీ ఆ గొట్టం, ఫిల్టర్ డబ్బా, దాని రబ్బరు అంచు మార్చకుండా కొత్త పిస్టన్ వేస్తే వచ్చే సీజన్‌కి మళ్లీ అదే షాపు, అదే మాట.

ఆర్‌ఎక్స్ 100 వాళ్లు అడుగుతారని తెలుసు. టూ-స్ట్రోక్‌లో సంగతి పూర్తిగా వేరు, అక్కడ చాంబర్ ప్రెషర్‌తోనే బండి నడుస్తుంది, దానికి బ్రీదరే ఉండదు. కుడివైపు క్రాంక్ సీల్ పోతే గేరాయిల్ లాక్కుని పొగ మేఘం వదులుతుంది, ఎడమవైపు మాగ్నెట్ సీల్ పోతే బయటి గాలి పీల్చి రేసు దిగకుండా నిలబడిపోతుంది, అలాగే తోలితే పిస్టన్ పట్టేస్తుంది. దానికి పరీక్ష కూడా తిరగేసి ఉంటుంది. ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ రెండూ మూసి, 6 పీఎస్ఐ దాటకుండా గాలి ఎక్కించి, గేజీ ముల్లు కొన్ని నిమిషాలు నిలుస్తుందో లేదో చూసి, దిగితే సబ్బు నీళ్లు పూసి బుడగ ఎక్కడ లేస్తుందో వెతకాలి. వివరంగా రాయాలంటే ఇంకో పోస్టు అవుతుంది.

ఫోర్-స్ట్రోక్‌కే వస్తే, బాగుచేసి బండి అప్పగించే ముందు బ్రీదర్ పైపు పైకి ఎక్కి ఉందా, ఎక్కడా నలగలేదా చూడండి, దాన్ని తిరిగి ఫిల్టర్ డబ్బాకే తగిలించండి. గాలికి వదిలేయాలని ఉంటే కనీసం హ్యాండిల్ ఎత్తు దాకా తీసుకెళ్లి చివర చిన్న ఫిల్టర్ పెట్టండి. ప్రెషర్‌కి బయటికి జరిగిన ఆయిల్ సీళ్లని సుత్తితో లోపలికి కొట్టి మళ్లీ వాడకండి, వాటి అంచు అప్పటికే తిరగబడి ఉంటుంది. నీళ్ల ట్యూబులో వచ్చిన అంకెని మాత్రం సీటు కింద మార్కర్‌తో రాసి పెట్టండి, తేదీతో సహా. వచ్చే వానాకాలం తర్వాత మళ్లీ కొలిచినప్పుడు పోల్చుకోవడానికి అదే పనికొస్తుంది.